నీళ్లు చూసే పని

రాష్ట్రంలోని జలపాతాలన్నీ మోటార్ల మీద నడుస్తున్న రోజులవి. పదిమంది యాత్రికుల ముఖాలు కొండకు బిగించిన కెమెరాకు కనిపిస్తేనే పైనుంచి నీళ్లు దూకుతాయి. ఒక్కరైనా చూస్తున్నంతసేపు ఆగవు. ఈ వారం యాత్రికులంతా గండికోట లోయకు మళ్లారు. ఇక్కడ జలపాతం కింద చిలకమ్మ నారుమడి నెర్రెలు విచ్చింది.

జలపాతం కాపలాదారు దొంబురు ఆమె మేనల్లుడు. చిలకమ్మకూ, చుట్టుపక్కల రైతులు తొమ్మిదిమందికీ టోపీలు పెట్టి యాత్రికుల్లా తీసుకొచ్చాడు. అందరూ కెమెరా ముందు నిలబడ్డారు. మోటారు కదల్లేదు.

"ఏట్రా, పాడైపోనాదా?" అంది చిలకమ్మ.

"నేదత్తా. మీరందరూ మడి కేసి సూత్తంటే అదెలా లెక్కెడతాది? కొండ కేసి తిరగండి. నవ్వండి."

"ఎండిపోయిన రాయిని సూసి నవ్వాలా?"

"యాత్రికులు అలాగే నవ్వుతారత్తా."

తిరిగారు, నవ్వారు. మోటారు మోగింది. నీళ్లు దూకగానే తొమ్మిదిమందీ పారలు తీసుకుని కాలవ గట్టుకు పరుగెత్తారు.

"నువ్వు కదలకత్తా. తల తిప్పావంటే ఆగిపోతాది."

చిలకమ్మ నిలబడింది. పుట్టింది ఈ కొండ కిందే. ఈ నీళ్లు తాగింది, మడికి కట్టింది, బట్టలుతికింది. ఆగి చూడడం ఇదే మొదటిసారి. తుంపర ముఖం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

కాసేపటికి దొంబురు వచ్చాడు. "మడి నిండింది. ఇంక తల తిప్పెయ్యత్తా, మోటారు ఆగుతాది."

"ఉండ్రా," అంది చిలకమ్మ, తల తిప్పకుండానే. "నేనింకా సూత్తన్నాను."