గడియ లేని కోట

బల్ల మీద యుద్ధం సిద్ధంగా ఉంది.

చదరంగం పావులు రాజు సైన్యం. అగ్గిపుల్లలు చెల్లెలి సైన్యం. మధ్యలో అట్టముక్కలతో కట్టిన కోట.

పేరున్న ఒక జానపద నవలని వెబ్ సిరీస్‌గా తీస్తున్నాడు దర్శకుడు. తోడబుట్టిన చెల్లెల్ని కోటలోంచి గెంటేసిన రాజు అందులో విలన్. ఆమె దండెత్తి వచ్చే ఆఖరి యుద్ధమే ఎంతకీ కుదరడం లేదు.

మూడు రోజులుగా వరండాలో కూర్చుంటున్న పెద్దాయన్ని ఆ రోజు లోపలికి పిలిచాడు, పోనీలే అని.

"వేషం కోసమా?"

"కాదు బాబూ. నవల చదివాను. ఆ రాజు గురించి ఒక్క మాట చెప్పి పోతాను."

"చెప్పండి."

పెద్దాయన వంగి కోట వంక చూశాడు. "చెల్లెలు వస్తోందని తెలియగానే తలుపులు మూయిస్తాడు. గడియ మాత్రం పెట్టనివ్వడు."

దర్శకుడికి నవ్వొచ్చింది. "యుద్ధంలో గడియ పెట్టకుండా ఎవరుంటారండీ?"

"పొమ్మన్నది తనేగా. మళ్ళీ రమ్మనడానికి నోరు రాదు."

"వాడు విలనండీ! జాలీ గీలీ ఉంటే ఎవడు భయపడతాడు? అసలు విలన్ల గురించి మీకేం తెలుసు?"

పెద్దాయన ఫోన్ నంబరు రాసిన చీటీని, అగ్గిపుల్లలు కదలకుండా బల్ల అంచున పెట్టి వెళ్ళిపోయాడు.

యుద్ధం తీశారు. ఏనుగులు, మంటలు, వెయ్యిమంది జనం. ఎడిటింగ్ గదిలో చూసుకుంటే చప్పగా ఉంది.

దర్శకుడు రెండు రోజులు మథనపడ్డాడు. చివరికి తలుపు దగ్గరి సీను ఒక్కటీ మళ్ళీ తీశాడు. దుంగతో బద్దలు కొట్టించబోతూ, చెల్లెలు ఎందుకో ఒకసారి చేత్తో తోస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. లోపల రాజు ఒక్కడే.

కట్ చెప్పాక కూడా సెట్లో ఎవరూ కదల్లేదు.

అక్కడి నుంచే ఆ నంబరుకి ఫోన్ చేశాడు. ఎత్తింది పెద్దాయన అద్దెకున్న ఇంటి ఓనరు.

"ఆయన పోయి నెలైందండీ. ఒంటరి మనిషి. అయినవాళ్ళెవరూ రాకపోతే మేమే అన్నీ చూశాం."

వారం తర్వాత, నవల రాసినావిడ వచ్చి ఆ సీను చూసింది. తలుపు తెరుచుకోగానే కుర్చీలో ముందుకు వంగింది.

"ఇది నా పుస్తకంలో లేదే! ఎవరు చెప్పారు?"

దర్శకుడు చెప్పాడు. పెద్దాయన వచ్చింది, తను నవ్వింది, ఫోన్లో విన్నది, అన్నీ.

"ఒక్క బంధువూ రాలేదట మేడమ్."

ఆమె ఖాళీ తెర వైపు తిరిగింది.

"నాకు కబురొచ్చింది. నేనే వెళ్ళలేదు," అంది. "ఆ రాజుని రాసింది మా అన్నయ్యని చూసే."