నాటిన జ్ఞాపకం

"ముందు ఇంట్లో ఎవరిమీదైనా చేసి చూడు. అయిపోయాక మాత్రం అబద్ధమని చెప్పెయ్యాలి. నాటినవాళ్లే పీకాలి," అన్నారు ప్రొఫెసర్ మేడమ్.

చిట్టి ఎంఏ సైకాలజీ చదువుతోంది. పరిశోధన చేసి థీసిస్ ఇస్తే తప్ప డిగ్రీ రాదు. జరగని సంగతిని జరిగినట్టు నమ్మించడమే ఆమె పరిశోధన. చిన్నప్పటి నిజాల మధ్య ఒక అబద్ధాన్ని కలిపి, గుర్తుచేసుకోమని వారం వారం అడగాలి. కొందరికి అది నిజంగానే గుర్తొచ్చేస్తుంది.

నాన్న పోయాక ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, చిట్టికి వేరే చెట్టు లేదు.

"మూడేళ్లప్పుడు ఎగ్జిబిషన్‌లో తప్పిపోయి, సాయంత్రానికి దొరికానటగా. పిన్ని చెప్పింది," అంది, తనే అల్లిన కథని.

గిన్నెలు తోముతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. "అలాంటిదేం లేదు," అంది.

మరుసటి వారం అడక్కుండానే చెప్పింది. "పసుపు గౌను."

ఆ పై వారం, "ఒక కాలి చెప్పు ఊడిపోయింది. నేనే చెయ్యి వదిలాను," అంది.

చిట్టి పొంగిపోయింది. లేని గౌనుకి రంగొచ్చింది, ఊడడానికి చెప్పొచ్చింది. మేడమ్ కూడా శభాష్ అన్నారు.

కానీ అమ్మ తిండి మానేసింది. పొద్దస్తమానం వీధి గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే ఆడపిల్లల మొహాల్లోకి పరికించి చూస్తోంది. చిట్టి పక్కకొస్తే ఉలిక్కిపడుతోంది. డిగ్రీ కోసం కన్నతల్లికి పిచ్చెక్కించానా అని చిట్టికి భయం పట్టుకుంది. థీసిస్ ఏ గంగలో కలిసినా సరే, అమ్మ మామూలు మనిషైతే చాలనుకుంది.

గుమ్మంలోంచి లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. చేతులు పట్టుకుంది.

"అమ్మా, పిన్ని ఏమీ చెప్పలేదు. చదువు కోసం నేనే అల్లాను. నువ్వు ఎవరి చెయ్యీ వదల్లేదు. నీ పిల్ల ఎక్కడికీ పోలేదు. ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నా."

అమ్మ ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నా పిల్ల మళ్లీ దొరకలేదే తల్లీ," అంది, "అక్కడ మీ అమ్మ కోసం ఏడుస్తున్న నిన్ను ఎత్తుకొచ్చేశాను."