మహానుభావుడి మేడగది

రాళ్ళు పరిచిన ఆ పాత వీధిలో అడుగు పెట్టగానే ముసలాయనకి ఒళ్ళు మండింది.

ఒకప్పుడు ఇక్కడ కట్టెల అడితీలు, అద్దకంవాళ్ళు, ఎవరికీ అక్కర్లేని చిత్రకారులు ఉండేవాళ్ళు. ఇప్పుడు గుమ్మానికో గ్యాలరీ. పెచ్చులూడిన గోడకి కూడా మిగిలిన పెచ్చులు రాలకుండా వార్నిష్ పూసి కాపాడుతున్నారు. దానికి ఆనుకుని, బుగ్గలు లోపలికి లాక్కుని, జనం ఫోటోలు దిగుతున్నారు.

'గోడకైనా సిగ్గేస్తుందేమో గానీ వీళ్ళకి వెయ్యదు' అనుకున్నాడు, గుబురుగడ్డం గోక్కుంటూ.

ఎర్రగొడుగు ఎత్తిపట్టి గైడు పిల్ల ఓ గుంపుని నడిపిస్తోంది. పిలవని పేరంటానికి వచ్చినట్టు ముసలాయన వెనకాలే తగులుకున్నాడు.

“మహాచిత్రకారుడు రోజూ పొద్దున్నే ఈ కాఫీ హోటల్లోనే కూర్చునేవారు. ఆ మూల కుర్చీ ఇప్పటికీ ఆయనదే. ఇంకెవర్నీ కూర్చోనివ్వరు.”

“అప్పుడు అతన్నే కూర్చోనిచ్చేవాళ్ళు కాదు,” అన్నాడు ముసలాయన. “మెట్టెక్కితే చాలు, ఓనరు గుడ్డ విదిలించేవాడు, ఈగని తోలినట్టు.”

గుంపంతా వెనక్కి తిరిగింది. అందులో మెళ్ళో కెమెరా వేలాడుతున్న ఓ ప్రొఫెసరు అడిగాడు.

“మీరు ఆయన్ని ఎరుగుదురా?”

“ఎరక్కేం! అంత పనికిమాలినవాణ్ణి మళ్ళీ చూళ్ళేదు.”

ముసలాయన గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న నీలంరంగు మీద ప్రొఫెసరు చూపు పడింది. భార్య చెవిలో గొణిగాడు. “ఈయనా బొమ్మలేస్తాడు కాబోలు. పేరు రాలేదు పాపం. కడుపుమంట!”

ముసలాయనకి వినబడనే వినబడింది. వీళ్ళకి చెవిలో చెప్పడం కూడా చేతకాదు.

కూడలిలో కంచువిగ్రహం దగ్గర గైడు పిల్ల గొంతు తగ్గించింది. “ఆకలితో, అవమానంతో, ఓ వానాకాలం సాయంత్రం ఆయన నదిలో కలిసిపోయారు. అప్పుడుగానీ ఈ ఊరికి కళ్ళు తెరుచుకోలేదు.”

“ఊరికి కళ్ళెక్కడివమ్మా, ముక్కొక్కటే,” అన్నాడు ముసలాయన. “శవం వాసన తగిలితేనే కదులుతుంది. అయినా విగ్రహానికి ఆ కోటేరు ముక్కేవిటి? అతనిది చప్పిడిముక్కు.”

ఒకళ్ళిద్దరు పళ్ళు నూరారు.

చివరి మజిలీ చిత్రకారుడి మేడగది. బూడిదరంగు బట్టల్లో ఆయన భార్య గుమ్మంలో నిలబడి అందర్నీ లోపలికి రమ్మంది. ముసలాయన్ని చూడగానే ఆవిడ మొహం గట్టిపడింది.

గోడ మీద ఒకటే బొమ్మ. ఖాళీ కిటికీ. అవతల వాన.

“ఇది ఆయన వేసిన చివరి బొమ్మ,” అంది గైడు పిల్ల. “అమ్మగారు ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదు. ఇప్పుడే అమ్మకానికి పెట్టారు.”

ప్రొఫెసరు భార్య కళ్ళొత్తుకుంది. “ఎంత ఒంటరితనమో చూడండి! ఆ కిటికీలో మనిషి లేకపోవడంలోనే ఉందంతా.”

ఆ కన్నీళ్ళు చూస్తే ముసలాయనకి కంపరమెత్తింది. తిండికి గతిలేని రోజుల్లో ఈ కళ్ళు ఎక్కడ చచ్చాయి?

“మనిషిని వెయ్యడం రాక వదిలేశాడమ్మా,” అన్నాడు. “చేతులు గియ్యడం ఆ మహానుభావుడికి చచ్చినా రాలేదు. ఆ వాన చూడండి, నూలు చిక్కుపడ్డట్టు! పంటినొప్పితో వేసుంటాడు.”

బేరమాడటానికి సిద్ధంగా ఉన్న ప్రొఫెసరు అనుమానంగా బొమ్మకేసి చూశాడు. జేబులోంచి చెయ్యి తీసేశాడు.

అప్పుడు చిత్రకారుడి భార్య ముందుకొచ్చింది. ముసలాయన కేసి వేలు చూపించింది.

“విన్నారుగా? ఆయన్ని నది దాకా తోసింది ఇలాంటి మాటలే. ఈ మనిషి నోరే ఆయన్ని చంపింది.”

ప్రొఫెసరు భార్య ముసలాయన్ని పురుగుని చూసినట్టు చూసింది. “మీలాంటివాళ్ళ వల్లే మహానుభావులు బతకలేకపోతున్నారు. ఏవండీ, ఈ బొమ్మ మనం తీసుకుంటున్నాం.”

ప్రొఫెసరు మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాడు. బొమ్మ గోడ దిగింది, గుడ్డలో చుట్టుకుంది, మెట్లు దిగి వెళ్ళిపోయింది. పోతూ పోతూ గైడు పిల్ల కూడా ముసలాయన్ని ఓ చూపు చూసిపోయింది.

ముసలాయన మాత్రం వెళ్ళలేదు. ఖాళీ అయిన గోడకేసి చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆవిడ తలుపు గడియ పెట్టి ఇటు తిరిగింది.

“మీ నోటిదురుసుతో ఏదో ఒకనాడు మీరు బతికున్నట్టు మీరే బయటపెట్టుకుంటారు గానీ, ముందు లేచి ఇంకో చివరి బొమ్మ మొదలెట్టండి,” అంది మొగుడితో.