గోడకు వైద్యం

"సార్! ఇట్ల రాండి. మా ఇల్లు ఇదే!"

ఆండర్సన్‌పేటలో పాత గని కార్మికుల ఇళ్ల లైన్ల మొదట్లో, చేతిసంచితో నిలబడి వాటివైపు చూస్తున్న మనిషిని సుమ పరుగున వచ్చి పట్టుకుంది.

ఆయన ఏదో చెప్పబోయాడు.

సుమ చెప్పనిస్తేగా!

"మీ కోసరం పొద్దన్నుంచి చూస్తాండాను. కుక్కల డాక్టరు శనివారం మా లైన్లకు వస్తాడని క్లినిక్‌లో చెప్పినారు. ముందు రోజీని చూడండి."

ఆయన తెరిచిన నోరు మూసుకుని వెనకాలే నడిచాడు.

వాకిట్లో గోనెపట్టా మీద రోజీ పడుకుని ఉంది. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు నెత్తురు తాగి ఉబ్బి ఉన్నాయి. చిగుళ్లు పాలిపోయాయి.

"పోయిన ఎండాకాలం మా టామీని ఈ పిడుదుల జ్వరమే తీసుకోని పోయింది సార్. దీన్ని మాత్రం పోనియ్యను."

"మందు వెయ్యలేదా అమ్మా?"

"అన్నీ చేసినాను. పౌడరు పూసినాను. సబ్బు పెట్టి కడిగినాను. రెండు దినాలు బాగుంటాది, ఇంగ మళ్ళీ ఎక్కుతాయి. యాడనుంచి వస్తాండాయో మొన్న కనిపెట్టినాను. చూడండి!"

తలలోని పిన్ను తీసి గోడ పగులులో గీకింది. పిల్ల పిడుదులు బిలబిలమంటూ పైకి పాకాయి.

"కుక్క నెత్తురు తాగేది, ఈడికొచ్చి గుడ్లు పెట్టేది. మా ఇల్లొకటే కాదు, ఈ వరసలో ఏ గోడ చూసినా ఇంతే. రాండి, చూపిస్తాను."

ఇల్లిల్లూ తిప్పి పగుళ్లన్నీ చూపించింది. ఇంటికొచ్చిన మనిషికి అంత ఉత్సాహంగా పగుళ్లు చూపించిన ఇల్లాలు కోలారు జిల్లాలో మరొకరు ఉండరు.

ఆయన ముఖంలో మాత్రం ఉత్సాహం లేదు. ప్రతి గోడనూ వేళ్లతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"గోడ గట్టిగానే ఉండాది. పైపూతే పగిలింది," అని గొణుక్కున్నాడు.

గనిలో ముప్పావు జీవితం గడిపిన పక్కింటి చిన్నప్పకు నవ్వొచ్చింది.

"ఏం డాక్టరప్పా, జ్వరం కుక్కకా, గోడకా?"

ఆయనా నవ్వాడు. తిరిగొచ్చి రోజీ పక్కన కూలబడి, సుమ చేతిలోని చిన్న పట్టకారు తీసుకుని పిడుదుల్ని ఏరడం మొదలుపెట్టాడు. అదీ చేతగాలేదు.

"అట్ల పీకితే తల లోపల్నే ఉండిపోతాది సార్! చర్మానికి ఆనించి పట్టుకోని నిదానంగా లాగాల."

సుమ నేర్పింది. ఆయన బుద్ధిగా నేర్చుకున్నాడు. ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరూ ఏరారు.

చివరికి ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు.

"ఈ వరసలో పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టండమ్మా. ఒక్కటీ మిగలకూడదు. సోమవారం లోపల అయిపోవాల."

"సూది?"

"నా దగ్గర లేదు."

సుమకు ఒళ్లు మండింది.

"సూదీ లేదు, మాత్రా లేదు! గోడకు వైద్యం చెప్పే డాక్టర్ని ఇప్పుడే చూస్తాండాను. చేతగాకుంటే చేతగాదని పోవచ్చు కదా!"

"దీన్ని పోనియ్యనంటివి కదమ్మా. అయితే ఇది చెయ్యి."

ఆయన సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం బైకు మీద ఇంకొకడు దిగాడు.

"పిడుదుల కుక్క ఈ ఇంట్లోనేనా? నేను డాక్టర్ని."

చిన్నప్ప పగలబడి నవ్వాడు.

"దారినపోయే దానయ్యను పట్టుకొచ్చి కుక్కను చూపించినావు గదమ్మా!"

సుమకు తల కొట్టేసినట్టయింది. ఆ దానయ్య మళ్ళీ కనబడితే కడిగి ఆరెయ్యాలనుకుంది.

డాక్టరు రోజీకి సూది వేశాడు. గోడ సంగతి అడిగితే అవునని తలూపాడు.

"ఆ మాట నిజమేనమ్మా. సందులు పూడ్చకుంటే నేను ఎన్ని సూదులేసినా దండగే."

అంతే. సుమ కొంగు బిగించింది.

ఆదివారం తెల్లారేసరికి సిమెంటు కలిపిన గమేళా చంకన పెట్టుకుని మరో పక్కింటి శశికళ గుమ్మం ఎక్కింది.

"నీ కుక్క కోసరం మా గోడలు పూడ్చాలనా?"

"మీ గోడలో పుట్టిందే నా రోజీని కరస్తాది అక్కా. మీరు పూడ్చేది వద్దు, నేనే పూడుస్తాను. అడ్డం రాకుంటే చాలు."

రెండిళ్లు ఒక్కతే పూడ్చింది. మూడో ఇంటి దగ్గర శశికళ సిగ్గుపడి తాపీ అందుకుంది. మధ్యాహ్నానికి చిన్నప్ప సున్నం బక్కెట్టుతో వచ్చాడు. పొద్దు గూకేసరికి వరసంతా పెళ్లిల్లులా తెల్లగా నిలబడింది.

సోమవారం పొద్దున రోజీ లేచి గిన్నెడు రాగిసంగటి తినేసింది. సుమకు కళ్లనీళ్లు ఆగలేదు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. లైన్లను చూసుకునే ఆఫీసు నుంచి ఇద్దరు దిగారు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గోడలు చూసుకుంటూ నడిచి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏమి చూస్తాండారు సార్?" అని అడిగాడు చిన్నప్ప.

"పగిలిన ఇళ్లను ఖాళీ చేయించి పడగొట్టాలని ఆర్డరు పెద్దాయనా. ఈ వరసలో పగులే లేదు. మీ అదృష్టం, ఉండండి."

చిన్నప్ప తెల్లటి గోడవైపు తిరిగి అరచేత్తో తడిమాడు.

సుమ వాళ్లకు అడ్డంగా వచ్చింది.

"మీకంటే ముందు... ఎవరన్నా చూసేదానికి వచ్చినారా సార్?"

"ఎవరొచ్చినారమ్మా! పగిలిన ఇళ్లకు గుర్తు పెట్టి రమ్మని శనివారం శ్రీరామప్పని ఒకాయన్ని పంపితే, ఒళ్లు బాగలేక ఈ పక్కకే రాలేదన్నాడు," విసుగ్గా జీపెక్కుతూ అన్నాడు పెద్దాఫీసరు, "పనిలోంచి తీసేసినాము."