పలకని ఒడ్డు

గూడు అల్లడంలో గిజిగాడు దర్భయ్య పంతులును మించినవాడు ఆ అడవిలో లేడు. ఆ ఏడు వాన ముందే ముంచుకొచ్చింది. వాగు పొంగి, ఈదురుగాలి పట్టుకుంది. శిష్యుల్లో సగంమంది అవతలి ఒడ్డునే ఉండిపోయారు. చేసేదిలేక పంతులు ఇవతలి తుమ్మకొమ్మ మీద కూర్చుని, రెండు ఒడ్లకూ వినబడేలా గొంతెత్తి పాఠం చెప్పాడు.

ముడి ముడికీ "అర్థమైందిరా?" అని అడిగేవాడు. ఇవతలి పిల్లలు "అయింది పంతులుగారూ" అని కొమ్మ అదిరేలా అరిచేవారు. అవతల చడీచప్పుడూ లేదు.

"గోడకు చెప్పుకున్నట్టుంది. నిద్రపోతున్నారు వెధవలు. గాలి తగ్గనీ, ఒక్కొక్కడికీ సున్నా చుడతాను" అని గొణుక్కున్నాడు.

గాలి తగ్గింది. ఇవతలి కొమ్మల్లో ఒక్క ముడి కూడా పడలేదు. అది పంతులు కంటబడలేదు. కోపంగా వాగు దాటాడు.

దాటి, వాలడం మరిచి గాలిలోనే ఆగిపోయాడు. ఈతచెట్టు నిండా గూళ్లు. నీళ్ల మీద వేలాడుతూ, ఎండకు బంగారంలా మెరుస్తూ మెల్లగా ఊగుతున్నాయి. ఒకదాన్ని ముక్కుతో పట్టి లాగాడు. పోచ కదల్లేదు. ఆ గాలికి ఆయన సొంత గూడే సగం ఊడిపోయింది.

"ఇంత నేర్చుకుని, ఒక్కసారైనా పలకలేదేమర్రా?" అన్నాడు.

ఒక పిల్ల ముక్కునున్న పోచను కాలికింద తొక్కిపట్టి, "నోట్లో పోచ ఉంటే ఎలా పలకమంటారు పంతులుగారూ?" అంది.

పంతులు వంగి, ఆ పోచ రెండో కొసను ముక్కున కరుచుకున్నాడు.