తల అక్కర్లేని ఫొటో

"ఈ ఫొటోకి ఒక కాపీ కావాలమ్మా. తల అక్కర్లేదు. మెడ కింద నుంచి చాలు," అన్నాడు పెద్దాయన.

మ్యూజియంలో పాత ఫొటోల విభాగం చూసే ఆవిడ కళ్లజోడు పైకి జరుపుకుంది. పదిహేనేళ్ల ఉద్యోగంలో చిత్రమైన కోరికలు చాలానే విన్నది. ఇలాంటిది మాత్రం ఇదే మొదటిసారి.

అది అలాంటిలాంటి ఫొటో కాదు. రాష్ట్రం ఏర్పడిన రోజు తీసింది. తొలి మంత్రులంతా కుర్చీల్లో బారుగా కూర్చున్నారు. నడుమ, రాష్ట్రానికి తొలి నాయకుడు. బడి పుస్తకాల్లో, క్యాలెండర్లలో అందరూ చూసిన బొమ్మే. రాష్ట్రానికి అరవై ఏళ్లు నిండిన సందర్భంగా జరిగే ప్రదర్శనకి దాన్నే గుమ్మం దగ్గర నిలువెత్తున పెట్టబోతున్నారు.

పెద్దాయన వేలు సరిగ్గా ఆ నాయకుడి కోటు మీద ఆగింది.

"తల లేకుండా ఏం చేసుకుంటారు బాబాయిగారూ?"

మనవరాలికి చూపించాలట. ఆ రోజు తానూ అక్కడే ఉన్నానని ఇంట్లో నోరు జారాడట. అప్పట్నుంచీ ఆ పిల్ల తాతని కోతలరాయుడని ఆటపట్టిస్తోందట.

"సరదాకే అంటుంది. కానీ ఈ వయసులో అబద్ధాలకోరు అనిపించుకుని పోవాలని లేదమ్మా. చేతులు మాత్రం బాగా పడాలి."

ఆవిడకి కుతూహలం ఆగలేదు. ఆ కోటు కుట్టింది మీరేనా అని అడిగేసింది.

"భుజాల దగ్గర వదులు," అని నవ్వి ఊరుకున్నాడు.

ఇంకేం, దర్జీయే అనుకుంది. ఫారం చేతికిచ్చింది. ఆయన ఓపిగ్గా అన్నీ నింపుకుంటూ వచ్చి, 'ఫొటోలోని వ్యక్తితో మీ సంబంధం' అన్న గడి దగ్గర కలం ఆపేశాడు.

"దర్జీ అని రాసేయండి," అంది ఆవిడ.

"అబద్ధం ఎందుకు?"

"పోనీ, నిజమే రాయండి."

"ఎవరికీ చెప్పనని మాటిచ్చానమ్మా. మాట తీసుకున్నవాళ్లంతా పోయారనుకోండి. నేనింకా ఉన్నానుగా."

ఆ గడి ఖాళీగానే వదిలేసి వెళ్లిపోయాడు.

గడి నిండని ఫారం మీద సంతకం పెట్టేది లేదని పై అధికారి భీష్మించుకున్నాడు. ఆవిడకీ ప్రదర్శన పనులతో ఊపిరి సలపడం లేదు. ఫారాన్ని తపాలాలో తిప్పి పంపేసి ఊరుకుంది.

ప్రదర్శన ఘనంగా సాగింది. కానీ ఆ ఖాళీ గడి ఆవిడని కుదురుగా ఉండనివ్వలేదు. చుట్టమా, డ్రైవరా, వంటవాడా? ఆనాటి పేపర్లన్నీ తిరగేసింది. ఎక్కడా ఏమీ దొరకలేదు.

మూడు వారాలకి తపాలా తిరిగొచ్చింది. కవరు మీద ఎవరో ఎర్ర సిరాతో రాశారు, ఈ చిరునామాలోని వ్యక్తి చనిపోయారని.

ఆవిడ మనసు చివుక్కుమంది. ఒక్క కాపీ ఇస్తే మన సొమ్మేం పోయేదని తనని తానే తిట్టుకుంది.

ఆ మరుసటి వారం, మూతపడిన ఒక ఫొటో స్టూడియో వారసులు పాత పెట్టెలు రెండు తెచ్చి మ్యూజియానికి అప్పగించారు. వాటిలో, రాష్ట్రం ఏర్పడిన నాటి తేదీ వేసిన కవరు కనపడగానే ఆవిడ చేతిలో పని పక్కన పడేసింది.

లోపల రెండు ఫొటోలున్నాయి. ఒకటి లోకమంతా ఎరిగిందే. రెండోది బోర్లా పెట్టి ఉంది. దాని మీద పెన్సిలుతో రాసిన రాత ఇంకా చెరగలేదు.

'నాయకుడికి జ్వరం. రాలేదు. తల తర్వాత అతికించాలి. విషయం బయటికి పొక్కకూడదు.'

ఆవిడ మెల్లగా ఫొటో తిప్పింది.

నడిమి కుర్చీలో, నాయకుడి కోటు తొడుక్కుని, మంత్రులందరి మధ్యా మోకాళ్ల మీద చేతులు బుద్ధిగా పెట్టుకుని కూర్చున్నది, పాతికేళ్లయినా నిండని ఆ పెద్దాయనే.