మొండి బీపీ

"తగ్గలేదు," అంది డాక్టరమ్మ, చేతికి చుట్టిన పట్టీ విప్పుతూ. "పోయినసారికన్నా ఒక పిసరు ఎక్కువే ఉంది."

వెల్డరు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "బీపీ మనుషులకొస్తుందండీ. నేను ఇనుముతో బతికేవాణ్ణి," అని నవ్వేసి బయటికి నడిచాడు. భార్య మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"మాత్రలు మానట్లేదు కదా?"

"లేదండీ. నా చేత్తో నేనే వేస్తున్నా."

అది సగమే నిజం. మాత్ర పేరెత్తితే ఆ మహానుభావుడు కంచం ముందునుంచి లేచిపోతాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అందుకే మాత్రలన్నీ నూరి, గుట్టుగా సూపులో కలిపేస్తోందామె. ఆ మాట చెబితే డాక్టరమ్మ తిడుతుందని భయం.

"మూడు మందులకీ లొంగలేదంటే ఇది మామూలు బీపీ కాదమ్మా. ఇంకోటి కలుపుతున్నా. దీనికీ తగ్గకపోతే మెదడులో నరం ఎప్పుడైనా చిట్లొచ్చు."

ఆమె లేవబోయి బల్ల పట్టుకుంది. గది గిర్రున తిరిగింది.

"ఏమైంది? కూర్చోండి, మీది కూడా చూస్తాను."

"నాకేం రోగమండీ! దిగులు, అంతే. దిగులుతో నోరు కూడా చేదెక్కిపోయింది. ముందు ఆయన్ని బతికించండి."

ఆ సాయంత్రం నాలుగో మాత్ర కూడా నూరింది. గోడవైపు తిరిగి, తెల్లటి పొడిని ఆయన గిన్నెలో కలుపుతుంటే వెనక అలికిడైంది. గుమ్మంలో మొగుడు! చూశాడా?

"చిక్కిపోయావే," అన్నాడంతే. "రా, తిందాం."

గిన్నెలు రెండూ బల్లమీద పెట్టి, మంచినీళ్లకోసం మళ్లీ లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన బుద్ధిగా తాగుతున్నాడు. ఆఖరి చెంచాదాకా కాపలా కాసి, దేవుడా ఈసారైనా పనిచెయ్యనీ అనుకుంటూ తన గిన్నె ఖాళీ చేసింది.

పొద్దున ఎంత కుదిపినా ఆమె కళ్లు తెరవలేదు.

డాక్టరమ్మ ఆమె చేతికి పట్టీ చుట్టి చూసింది. నమ్మలేక మళ్లీ చుట్టింది. "బీపీ ఇంతలా పడిపోయిందేంటి! అసలేమైనా తింటోందా?"

వెల్డరు బావురుమన్నాడు. "తను అలా చిక్కిపోతూ, ఏదో బలం పొడి నా ఒక్కడి సూపులోనే కలిపేదండీ. చూడలేకపోయాను."

"అయితే?"

"రోజూ గిన్నెలు మార్చేస్తున్నాను."